చెయ్యెత్తే చోటు: ఆనందపురం కూడలి గురించి కొన్ని ఆలోచనలు

మన ప్రాంతపు రోడ్ల చరిత్రలో రాజులు వేయించిన బాటలున్నాయి, కంపెనీ సైన్యాలు నడిచిన దారులున్నాయి, ఇంజనీర్ల అంచనాలు, కాంట్రాక్టర్ల లెక్కలు వున్నాయి. రోడ్డు వారన నిలబడి, పోతున్న బండికి చెయ్యెత్తి, "కాస్త అక్కడ దింపుతారా?" అని అడిగే మనిషి మాత్రం ఆ చరిత్రలో ఎక్కడా కనిపించడు. అతను రోడ్డు వేసినవాడు కాదు, బండి వున్నవాడు కాదు, టిక్కెట్టు కొన్న ప్రయాణీకుడు కూడా కాదు. కాబట్టి ఏ శాఖవారి రికార్డులోకీ ఎక్కలేదు. అయినా రోడ్డు పుట్టిన నాటినుంచీ అతనున్నాడు. ఒక సమాజంలో దారి ఎవరిది, బండి ఎవరిది, ఖాళీగా పోయే చోటు ఎవరికి చెందాలి, దారిలో ప్రమాదం జరిగితే ఆ నష్టం ఎవరు మొయ్యాలి అన్న ప్రశ్నలకు ఆ సమాజం ఏం జవాబు చెపుతున్నదో తెలుసుకోవాలంటే, ఈ చెయ్యెత్తిన మనిషినే అడగాలి.

కొన్ని దేశాలలో ఇలాంటివారికోసం రోడ్డుపక్కన ప్రత్యేకమైన చోట్లు ఏర్పాటు చేశారు. మన దేశంలో అలాంటివి లేవు. లేవంటే, బోర్డు పెట్టినవి లేవని అర్థం. బోర్డు లేని చోట్లు ప్రతి కూడలిలోనూ వున్నాయి. వాటిలో నేను బాగా ఎరిగినది ఆనందపురం కూడలి. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

1

ఆనందపురం విశాఖపట్నానికి ఉత్తరంగా, మద్రాసు-కలకత్తా రహదారి మీద వున్న మండల కేంద్రం. చాలాకాలం దీన్ని అయిదో నంబరు జాతీయ రహదారి అన్నారు. 2010లో నంబర్లు మార్చిన తర్వాత పదహారో నంబరు అంటున్నారు. దక్షిణంగా పోతే మధురవాడ, ఆ తర్వాత నగరం. ఉత్తరంగా పోతే తగరపువలస, అక్కడినుంచి విజయనగరానికీ శ్రీకాకుళానికీ దారులు. పడమటి వైపు పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి. ఈ మూడో దారిని ఇటీవలి సంవత్సరాల్లో సుమారు 50 కిలోమీటర్ల పొడుగున ఆరు వరుసల రహదారిగా వేశారు. నగరంతో పనిలేని పెద్ద లారీలు ఇప్పుడు అటే మళ్ళిపోతాయి.

ఈ కూడలికి పూల బజారు వల్ల పేరువచ్చింది. ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం ప్రాంతాల చిన్న రైతులు బంతి, చేమంతి, మల్లె, కనకాంబరం బుట్టలకెత్తి చీకటితోనే ఇక్కడికి తెస్తారు. నగరంలోని గుళ్ళకూ పెళ్ళిళ్ళకూ ఇక్కడినుంచి పూలు పోతాయి. బేరం తెల్లారేలోగా తేలకపోతే పువ్వు వాడుతుంది, ధర పడుతుంది. కాబట్టి పూలరైతు బస్సు వేళకోసం కాచుకోలేడు. ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కుతాడు.

పూలరైతు ఒక్కడే కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి నగరంలో కట్టుబడి పనులకు వచ్చే కూలీలు, ఓడరేవులోను ఉక్కు కర్మాగారంలోను కాంట్రాక్టు పనిచేసి రాత్రి షిఫ్టు దిగినవారు, చుట్టుపక్కల కాలేజీల విద్యార్థులు, కూరగాయల గంపలతో ఆడవాళ్ళు, అందరూ ఈ కూడలిలో నిలబడతారు. ఎక్కడ పడితే అక్కడ నిలబడరు. లారీ ఏ బడ్డీ ముందర వేగం తగ్గిస్తుందో, పోలీసు జీపు ఎక్కడ ఆగుతుందో, ఏ దారికి పోయే బండి ఏ పక్కకు ఒరుగుతుందో వారికి తెలుసు. అరచెయ్యి కిందికి వాల్చి రెండుసార్లు ఊపితే ఆపమని అర్థం. డ్రైవరు చూపుడువేలు పక్కకు తిప్పితే "నేనిక్కడే మళ్ళిపోతా" అని అర్థం. కొందరు డ్రైవర్లు బస్సు ఛార్జీలో సగం పుచ్చుకుంటారు, కొందరు టీ డబ్బులతో సరిపెట్టుకుంటారు, కొందరు ఏమీ పుచ్చుకోరు. ఎవరూ రాసిపెట్టని ఈ పద్ధతి కొత్తగా వచ్చినవాడికి ఒక్క పూటలో అర్థమవుతుంది.

అంటే చోటు వున్నది, పద్ధతి వున్నది, ఇచ్చిపుచ్చుకోవడం వున్నది. లేనిదల్లా గుర్తింపు. ఈ గుర్తింపు ఎందుకు లేకపోయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2

ఈ తూర్పుతీరపు దారి చాలా పాతది. కళింగాన్ని జయించిన అశోకుడు గంజాం ప్రాంతంలోని జౌగడ బండమీద చెక్కించిన శాసనాల్లో దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించిన ముచ్చట వుంది. భీమిలి వైపు తీరంలో తొట్లకొండ, బావికొండ, పావురాళ్ళకొండ మీద బౌద్ధ ఆరామాలు వెలిశాయి. ఆ తర్వాతి శతాబ్దాలలో పూరీ జగన్నాథానికి పోయే యాత్రికులకోసం దారిపొడుగునా సత్రాలు లేచాయి. నీడ, నీరు, రాత్రి పడుకోను అరుగు: దారినపోయేవాడికి పాత సమాజం ఒప్పుకున్న హక్కులివి.

కాని వీటిని హక్కులనడం అంత సరికాదు. అది ధర్మం. ధర్మానికి కర్త ఒకడుంటాడు, పాత్రుడొకడుంటాడు; పాత్రుడెవడో నిర్ణయించేది కర్త. చాలా సత్రాలలో వంటా పంక్తీ కులాన్నిబట్టి నడిచాయి. దారినపోయే ఎడ్లబండి ఎవరిని ఎక్కించుకుంటుందో, ఎవరిని వెనక నడిపిస్తుందో చెప్పడానికి ఏ చట్టమూ అక్కరలేకపోయింది. మన పల్లెల్లో ముసలివాళ్ళను అడిగితే మాలమాదిగలకు బండిమీద చోటు దొరకని రోజులను గురించి ఇప్పటికీ చెపుతారు. ఏనుగుల వీరాస్వామి 1830-31లో కాశీయాత్ర చేసి, తిరుగుప్రయాణంలో జగన్నాథం మీదుగా ఈ తీరపు జిల్లాల వెంటనే మద్రాసు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన యాత్రాచరిత్ర మన భాషలో దారి గురించిన గొప్ప పత్రం. ఆయన పల్లకీలో వచ్చాడు. ఆయనను భుజాలమీద మోసిన బోయీలు ఇదే దూరాన్ని కాలినడకను వచ్చారు. ఒకే దారి, ఒకే ఎండ, ఒకే దూరం. కాని ప్రయాణం రెండు వర్గాలకు రెండు రకాలు. గతాన్ని తలచుకొని "ఆ రోజుల్లో బాటసారికి ఎంత ఆదరణ!" అని నిట్టూర్చే పెద్దలు ఈ బోయీలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1893 ప్రాంతంలో తీరపు రైలు వచ్చింది. దూరప్రయాణం రైలుకు పోయింది, రోడ్డు స్థానికుల పాలయింది. వాల్తేరు రెండు రైల్వే కంపెనీలు కలిసే చోటయింది: ఉత్తరంగా బెంగాల్ నాగపూర్ రైల్వే, దక్షిణంగా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. 1933లో ఓడరేవు తెరిచారు. మధ్యపరగణాల మాంగనీసు రైలుమీద వచ్చి ఓడ ఎక్కసాగింది. ఇదంతా వలస పెట్టుబడికి కావలసిన రవాణా. ఆనందపురంనుంచి నగరానికి పోవలసిన పూలబుట్ట ఈ పథకంలో ఎక్కడా లేదు.

3

ఇప్పుడొక ముఖ్య విషయం. మనుషులు ఎక్కే బండి వేరు, సరుకులెక్కే బండి వేరు అన్న భేదం మనకు సహజంగా కనిపిస్తుంది. ఎడ్లబండికి ఆ భేదం లేదు. ధాన్యం బస్తాల మీదనే మనుషులు కూర్చున్నారు. మోటారు వచ్చిన తొలిరోజుల్లో కూడా ఆ భేదం అంత గట్టిగా లేదు. 1920లు, 30లలో ప్రైవేటు బస్సులు, లారీలు పెరిగి రైల్వే కంపెనీల రాబడి తగ్గసాగింది. 1932లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులను నియమించి రైలు-రోడ్డు పోటీ గురించి విచారణ జరిపించారు. ఆ ఆందోళనల పర్యవసానంగా వచ్చినది 1939 మోటారు వాహనాల చట్టం. ఏ బండి ఏ దారిన తిరగాలి, ఏది ఎక్కించుకోవాలి అని పర్మిట్లతో కట్టుదిట్టం చేసిన చట్టమది. ప్రజల క్షేమంకూడా అందులో వున్నది, కాదనను. కిక్కిరిసిన బండ్లు, బ్రేకులు పడని బండ్లు అదుపులోకి రావలసిందే. కాని రైల్వేలో పెట్టిన పెట్టుబడిని రోడ్డు పోటీనుంచి కాపాడడం ఆ చట్టానికి ముఖ్య ప్రేరణలలో ఒకటి. స్వాతంత్ర్యం తర్వాత కూడా దాదాపు నలభై ఏండ్లు ఆ చట్టంకిందనే బతికాం. దాని స్థానంలో వచ్చిన 1988 చట్టం కూడా ఆ పర్మిట్ల చట్రాన్నే నిలుపుకుంది.

మధ్యలో యుద్ధం వచ్చింది. పెట్రోలు రేషను, బొగ్గుగాలితో నడిచే బస్సులు మన పెద్దలకు గుర్తే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖమీద బాంబులు వేసినప్పుడు నగరం పల్లెల వైపు పరుగెత్తింది. దొరికిన బండి ఎక్కడమే ఆనాటి నియమం. అదే యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం కారులో ఒంటరిగా పోవడం శత్రువుకు సాయం చెయ్యడమేనని గోడలమీద ప్రకటనలంటించింది. ఖాళీ సీటు దేశం ఆస్తి అని పెట్టుబడిదారీ దేశం కూడా అవసరం వచ్చినప్పుడు గుర్తించిందన్నమాట. అవసరం తీరాక ఆ సీటు మళ్ళీ సొంతదారుడిదయింది.

మనకు ప్రజారవాణా వచ్చింది. నిజాం రాష్ట్రంలో 1932లోనే ప్రభుత్వ బస్సులు మొదలైనాయి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. జిల్లాల వారీగా ప్రైవేటు బస్సుల దారులను జాతీయం చెయ్యడం మన ప్రజాస్వామిక ఉద్యమాలు కోరి సాధించుకున్న విజయం. కులం అడగకుండా టిక్కెట్టు ఇచ్చిన తొలి బండి ఎర్రబస్సు. చెయ్యెత్తిన చోట బస్సు ఆపుతామని పల్లెబస్సులమీద రాసిన రోజులు కూడా వున్నాయి. ఈ వ్యాసంలోని వాదం మొత్తానికి ఆ ఒక్క రాతే ఆధారంగా చాలు: చెయ్యెత్తిన మనిషికి ఆగడం బండి బాధ్యత అని ఒక ప్రభుత్వ సంస్థ ఒప్పుకుంది.

4

కాని బస్సు ఆగనప్పుడు, అసలు రానప్పుడు ఏమవుతుంది? లారీ ఎక్కుతారు. ప్రమాదం జరిగితే? ఇక్కడ న్యాయస్థానాల చరిత్ర కొంచెం ఓపికగా చూడాలి. మన విద్యార్థులకు ఈ భాగం విసుగనిపించవచ్చు. కాని ఆనందపురం కూడలిలో నిలబడేవాడి బతుకు చావులు ఇందులో వున్నాయి.

బండి యజమాని విధిగా బీమా చేయించాలన్న నియమాన్ని 1939 చట్టం ఇంగ్లండులోని 1930 చట్టాన్ని చూసి రాసుకుంది. ఆ బీమా రోడ్డుమీద నడిచేవాడికి వర్తిస్తుంది. బండిలో డబ్బివ్వకుండా కూర్చున్నవాడికి వర్తించదు. 1977లో ఒక కారు ప్రమాదం కేసులో మన సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పవలసివచ్చింది. విచిత్రమేమిటంటే, అప్పటికే 1971లో ఇంగ్లండు తన చట్టం మార్చుకుని బండిలో కూర్చున్నవారికి కూడా బీమా విధిగా వుండాలన్నది. మూలం మారింది, నకలు మారలేదు.

1988 చట్టం "ఎవరైనా వ్యక్తి" అనే అర్థం వచ్చే మాట వాడింది. 1994లో ఒక సవరణ చేసి, సరుకుబండిలో పోయే సరుకు యజమానికి, లేదా అతని ప్రతినిధికి బీమా వర్తిస్తుందని చేర్చారు. 1999 చివర సుప్రీంకోర్టు ఒక కేసులో, సరుకుబండిలో ఉచితంగా ఎక్కినవాడు కూడా "ఎవరైనా వ్యక్తి"లోకి వస్తాడని తీర్పు చెప్పింది. మూడేండ్లకు, 2002 డిసెంబరులో, ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఆ తీర్పు తప్పన్నది. సరుకు యజమానిని ప్రత్యేకంగా పేర్కొన్నారంటే మిగతావారిని చేర్చే ఉద్దేశం చట్టానికి లేదని దాని తర్కం. 2004లో మరో కేసులో అదే సూత్రాన్ని నిలబెట్టి, అయినా బాధితులకు ముందు బీమా కంపెనీ చెల్లించి తర్వాత బండి యజమానినుంచి రాబట్టుకోమన్నారు. 2006లో స్కూటరు వెనక ఉచితంగా కూర్చున్నవాడికి చట్టం విధించిన కనీస బీమా వర్తించదన్నారు. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి పైకి వెళ్ళిన కేసులలో, సరుకు యజమాని అయినా క్యాబిన్‌లో కూర్చుంటేనే రక్షణ, వెనక సరుకుమీద కూర్చుంటే లేదని తేల్చారు.

ఈ తీర్పులను ఇప్పుడు కూడలిలోకి తీసుకువెళ్ళి చూద్దాం. తెల్లవారుజామున ఒక వ్యాను ఆగింది. ముగ్గురు ఎక్కారు. పూలబుట్ట తనదైన రైతు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. అతనికి చట్టం వున్నది. చోటు చాలక తన పూలబస్తాల మీదనే కూర్చున్న రెండో రైతుకు చట్టం లేదు. చేతిలో అన్నం క్యారేజీ తప్ప ఏ సరుకూ లేని తాపీకూలీకి అసలే లేదు. మూడు ప్రాణాలు, ఒకే బండి, ఒకే ప్రమాదం. సరుకుకు దగ్గరగా, అదికూడా సరైన సీటులో వున్న ప్రాణానికే విలువ కట్టారు. సరుకు వున్నవాడు సరుకుద్వారా మనిషవుతున్నాడు. అమ్ముకోవడానికి శ్రమ తప్ప మరేదీ లేనివాడు "ఉచిత ప్రయాణీకుడు" అవుతున్నాడు. రాజకీయార్థశాస్త్రం పాఠంలో దీనికన్న స్పష్టమైన ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు.

న్యాయమూర్తులు క్రూరులని నేననడం లేదు. చట్టంలో రాసినదాన్ని వారు చదివారు. కొన్ని తీర్పులలో బాధితులమీద సానుభూతి స్పష్టంగా వుంది. లోపం చట్టం రాసిన పునాదిలో వుంది. సరుకుబండిలో మనుషులు ఎక్కకూడదు కాబట్టి ఎక్కరు అన్న కల్పన మీద చట్టం నిలబడింది. వారు రోజూ ఎక్కుతున్నారు.

ఇక డ్రైవరు సంగతి. ఒకసారి కూడలిలో టీ తాగుతూ ఒక లారీ డ్రైవరును ఈ విషయం అడిగాను. "చూస్తే జాలేస్తాది మాస్టారూ! ఎక్కించుకుంటే కేసు, వొదిలేస్తే పాపం" అన్నాడు. ఆ మాటలో అతని స్థితి మొత్తం వుంది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బండి యజమాని నెత్తిన పడుతుంది, కాబట్టి యజమాని ఎవరినీ ఎక్కించవద్దంటాడు. ఎక్కించుకుంటే దొరికే పదీపరకా డ్రైవరుకు దారిఖర్చు. ఇద్దరు శ్రమజీవుల మధ్య సహజంగా ఏర్పడవలసిన సంబంధాన్ని చట్టం నేరంగా, మామూలుగా, బేరంగా మార్చింది.

5

ఇతర దేశాలు ఈ సమస్యను ఎలా చూశాయి?

పోలండులో 1957-58 ప్రాంతంలో ఒక పద్ధతి మొదలయింది. ప్రయాణం చెయ్యదలచిన యువకుడు ఒక చిన్న పుస్తకం కొనుక్కుంటాడు. అందులో కిలోమీటర్ల లెక్కన కూపన్లుంటాయి. తనను ఎక్కించుకున్న డ్రైవరుకు అంత దూరానికి సరిపడ కూపన్లు చించి యిస్తాడు. ఎక్కువ కూపన్లు పోగుచేసిన డ్రైవర్లకు బహుమతులు. అన్నిటికన్న ముఖ్యమైనది, ఆ పుస్తకంతోబాటే ప్రయాణీకుడికి ప్రమాద బీమా వచ్చేది. అంటే డ్రైవరు దాతగా, ప్రయాణీకుడు బిచ్చగాడుగా మిగలకుండా సమాజం మధ్యలో నిలబడింది. 1990లలో అక్కడి వ్యవస్థ తల్లకిందులైనాక ఆ పద్ధతి పోయింది.

క్యూబా అనుభవం ఇంకా విలువైనది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది, చమురు రావడం పడిపోయింది, బస్సులు ఆగిపోయాయి. అమెరికా దిగ్బంధం ఎలాగూ వుంది. అప్పుడు ప్రభుత్వం పట్టణాల పొలిమేరల్లో, కూడళ్ళలో ఎక్కించుకొనే కేంద్రాలు పెట్టింది. పసుపుపచ్చ దుస్తులు వేసుకున్న ఉద్యోగులు అక్కడ నిలబడతారు. ఆ రంగునుబట్టే జనం వారిని "పచ్చవాళ్ళు" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. వచ్చినవారి పేర్లు క్యూలో రాసుకుంటారు. గర్భిణులు, ముసలివారు ముందు. ఖాళీ వున్న ప్రభుత్వ వాహనం అక్కడ ఆగి తీరాలి. ప్రయాణీకుడు నామమాత్రపు రుసుము చెల్లిస్తాడు. పేదరికంలో పుట్టిన ఏర్పాటిది. దాన్ని స్వర్గమని వర్ణించడం క్యూబా ప్రజలు పడ్డ కష్టాన్ని అవమానించడమవుతుంది. ఎండలో గంటలకొద్దీ నిలబడ్డారు. చాలామంది డ్రైవర్లు ఆపకుండా తప్పించుకున్నారు. అయినా ఒక సూత్రం అక్కడ స్థిరపడింది: ప్రజల సొమ్ముతో నడిచే బండిలోని ఖాళీ సీటు అధికారి సొంతం కాదు.

ధనిక దేశాలలో కూడా ఇలాంటివి వున్నాయి. హాలండులో కొన్ని నగరాల చివర, బొటనవేలు ఎత్తిన చెయ్యి బొమ్మతో బోర్డులు పెట్టి, బండి పక్కకు తీసి ఆపుకొనే జాగా ఇచ్చారు. అమెరికా రాజధాని వాషింగ్టన్ చుట్టుపక్కల 1970ల నుంచి ఇంకొక పద్ధతి నడుస్తోంది. ఎక్కువమంది వున్న కార్లకు వేగంగా పోయే ప్రత్యేక వరుస ఇవ్వడంతో, కారులో ఒక్కడే వున్న ఉద్యోగి ఆ వరుసకోసం దారిలో నిలబడ్డవారిని ఎక్కించుకుంటాడు. డబ్బు మాట లేదు. ఎవరూ పెట్టకుండా చోట్లు వాటంతటవే ఏర్పడ్డాయి.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. వాషింగ్టన్‌లో ఖాళీ సీటును కదిలించింది కారున్నవాడి లాభం. హాలండులో మునిసిపాలిటీ ఇచ్చిన సౌకర్యం. పోలండులో ఇద్దరికీ రక్షణ కల్పించిన సామాజిక ఒప్పందం. క్యూబాలో అవసరం నేర్పిన సామూహిక హక్కు. మన ఆనందపురంలో? డ్రైవరు జాలి. జాలి మంచిదే. కాని జాలిమీద రోజూ పనికి వెళ్ళడం సాధ్యం కాదు.

ఇక్కడ మన ఇటీవలి అనుభవం ఒకటి గుర్తుచెయ్యాలి. 2020 మార్చి చివర దేశమంతా మూసివేసినప్పుడు దక్షిణాదినుంచి ఒరిస్సా, బెంగాలు, బీహారు కూలీలు ఇదే పదహారో నంబరు రహదారి వెంట నడిచిపోయారు. దారిలో పల్లెవాళ్ళు అన్నం, మజ్జిగ పెట్టారు. లారీలవాళ్ళు ఎక్కించుకున్నారు. కొన్నిచోట్ల పోలీసులు దింపారు. మే 16న ఉత్తరప్రదేశ్‌లోని ఔరయ్యా దగ్గర సరుకుతోబాటు కూలీలను ఎక్కించుకున్న లారీ ప్రమాదానికి గురై ఇరవైమందికి పైగా చనిపోయారు. దానిమీద అక్కడి ప్రభుత్వం లారీల్లో కూలీలను ఎక్కనివ్వవద్దని అధికారులకు ఆదేశించింది. ఆదేశం తేలిక. వారు లారీ ఎందుకెక్కారో ఆలోచించి బస్సులు సకాలంలో పంపడం కష్టం.

6

ఈ వాదానికి వచ్చే ఆక్షేపణలను దాటవెయ్యకూడదు.

మొదటిది మన మిత్రులనుంచే వస్తుంది: "ప్రభుత్వం బస్సులు నడపాలి. లిఫ్టుకు చోట్లు పెట్టమనడం ప్రభుత్వాన్ని బాధ్యతనుంచి తప్పించడమే." ఈ ఆక్షేపణలో బలం వుంది. రవాణా సంస్థను పెంచడం, కార్మికులను భర్తీ చెయ్యడం మొదటి కోరిక. 2020 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌లో రవాణా కార్మికులు ప్రభుత్వ ఉద్యోగులైనారు; 2025 ఆగస్టు 15నుంచి స్త్రీలకు పల్లెబస్సులు, సిటీ బస్సులు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇవి చిన్న విషయాలు కావు. గంపతో నిలబడిన ఆడమనిషి లారీ క్యాబిన్‌వైపు చూడనక్కరలేకుండా చేసేది బస్సే. అయితే తెల్లవారుజామున మూడుగంటలకు పూలబుట్టకు, అర్ధరాత్రి షిఫ్టు దిగిన కార్మికుడికి బస్సు ఏ సంస్థ దగ్గరా ఇంకా లేదు. వచ్చేదాకా వారు చస్తే పరిహారం లేకుండా చావాలా? ప్రసూతి ఆసుపత్రి కట్టేదాకా మంత్రసానికి శుభ్రత నేర్పవద్దు అనేవారు ఎవరూ లేరు గదా.

రెండోది భద్రత. ముక్కూమొహం తెలియనివాడి బండి ఎక్కడం, ముఖ్యంగా స్త్రీలకు, అపాయమన్నది నిజం. ఈ నిజం చీకటి మలుపులకూ, బోర్డు లేని చోట్లకూ వ్యతిరేకమైన వాదం. దీపం, అరుగు, బండి నంబరు రాసుకొనే మనిషి వున్న చోట అపాయం తగ్గుతుంది. క్యూబాలో పచ్చదుస్తుల ఉద్యోగి చేసినది అదే.

మూడోది చట్టంవారిది: "సొంత బండిలో డబ్బు తీసుకొని మనుషులను ఎక్కించుకోవడం పర్మిట్ నియమాలకు విరుద్ధం." ఇదొక్కటి చూడండి. 2020 నవంబరులో కేంద్రప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలలో, యాప్ కంపెనీల ద్వారా అయితే సొంత కార్లలో ఖాళీ సీట్లు పంచుకోవచ్చన్నారు. 2025లో సవరించినప్పుడు, రాష్ట్రాలు ఒప్పుకుంటే సొంత మోటారుసైకిళ్ళకు కూడా ఆ దారి తెరిచారు. అంటే ఇద్దరు మనుషులు రోడ్డుపక్కన మాట్లాడుకొని ఖర్చు పంచుకుంటే నియమభంగం, మధ్యలో ఒక కంపెనీ కూర్చొని తన వాటా తీసుకుంటే సక్రమం! ఖాళీ సీటును గుర్తించడం చట్టానికి చేతకాదని ఇక అనలేం. మార్కెట్టు అడిగితే గుర్తించింది, కూడలి అడిగితే గుర్తించలేదు.

కొత్త రహదారి ఈ ప్రశ్నను మరింత ముందుకు తెచ్చింది. ఆరు వరుసల రోడ్డు దూరం పోయేవాడికోసం వేసినది. కంచె, వంతెన, సర్వీసు రోడ్డు కట్టినచోట లారీ కూడలిలో వేగం తగ్గించనక్కరలేదు. చెయ్యెత్తినవాడు వేగం మధ్యలోకి రావలసివస్తుంది. ఏ బడ్డీ ముందర నిలబడాలన్న తరాల తెలివిని ఇంజనీరు గీత ఒక్కటి చెరిపేస్తుంది. ఆ రోడ్డుకు భూమి ఇచ్చిన పల్లెలవాళ్ళే ఆ రోడ్డుమీద బండి ఆపుకోలేకపోతున్నారు.

కాబట్టి నా ఉద్దేశంలో అడగవలసినవి ఇవి. పూల బజారు వేళలకు, కర్మాగారాల షిఫ్టులకు సరిపోయే బస్సులు ముందు కావాలి. రెండోది, 1988 చట్టంలోని 117వ సెక్షను ప్రకారం బండ్లు నిలిచే చోట్లు నిర్ణయించే అధికారం రాష్ట్రప్రభుత్వానికి ఇప్పటికే వుంది. దాన్ని ఉపయోగించి ఆనందపురంవంటి కూడళ్ళలో రహదారికి ఎడంగా జాగా, కప్పు, దీపం, నీళ్ళు ఏర్పాటుచేసి, అక్కడ ఆగిన డ్రైవరుమీద ఆగినందుకు కేసు పెట్టకూడదు. ఖాళీగా పోయే ప్రభుత్వ వాహనాలు అక్కడ ఆగాలి. మూడోది, అన్నిటికన్న ముఖ్యమైనది, బీమా. బండిలో వున్న ప్రతి మనిషికీ, సరుకు వున్నా లేకపోయినా, ఏ సీటులో వున్నా, చట్టం విధించే కనీస బీమా వర్తించేటట్టు సవరణ రావాలి. ఇంగ్లండు 1971లోనే ఆ దిక్కుగా అడుగువేసింది. ఇందులో విప్లవం ఏమీ లేదు.

ఈ కోరికలను ఒక్కొక్క సంఘం విడిగా అడిగితే నెగ్గవు. పూలరైతు రైతుసంఘంలో వున్నాడు, కూలీ కార్మికసంఘంలో వున్నాడు, లారీ డ్రైవరు వేరే యూనియన్‌లో వున్నాడు, విద్యార్థి ఇంకోచోట వున్నాడు. నలుగురూ రోజూ ఒకే కూడలిలో, ఒకే బడ్డీ దగ్గర టీ తాగుతున్నారు. మన విద్యార్థి మిత్రులు ఒక వారం రోజులు ఆ కూడలిలో కూర్చొని ఎవరు, ఏ వేళకు, ఎక్కడికి, ఏ బండిమీద పోతున్నారో రాసుకురావాలని నా కోరిక. ఏ కార్యాలయంలోనూ దొరకని ఆ లెక్క చేతిలో వుంటే, రవాణాశాఖవారిని అడగడానికి మనకు మాట వుంటుంది.